2020లో పిల్లల టీకాలు తప్పింది తల్లిదండ్రుల వల్లేనా?

గుంటూరు_నాన్న: ముంబై గోవండీలో తట్టు వచ్చి పిల్లలు పోతున్నారని ఈ వారమంతా (డిసెంబర్ 2022) వార్తలే. డబ్ల్యూహెచ్‌ఓ, యునిసెఫ్ లెక్క ప్రకారం మన దేశంలో డీపీటీ (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం టీకా) మూడో డోసు 2019లో 91 శాతం, 2020లో 85. లాక్‌డౌన్‌లోనూ టీకాలు అత్యవసర సేవే అని కేంద్రం చెప్పింది. అయినా తీసుకెళ్లలేదంటే అది తల్లిదండ్రుల నిర్లక్ష్యమే.

కరీంనగర్_కుర్రోడు: ఆరు శాతమే కదా తగ్గింది.

సిద్దిపేట_అమ్మ: నేను తీసుకెళ్లానండీ. మే నెల, పాపకు తొమ్మిది నెలలు నిండాయి, తట్టు టీకా వేయించాలి, బస్సుల్లేవు, మా ఆయన బండి మీద వెళ్తుంటే చెక్‌పోస్టులో ఆపితే టీకా కార్డు చూపించి బతిమాలుకుని వెళ్లాం. టీకా కేంద్రంలో ఇంకో బిడ్డ లేదు. ఒక్కదాని కోసం సీసా తెరవలేను, వచ్చే బుధవారం రమ్మంది సిస్టర్. ఆ బుధవారానికి మా వీధి కంటైన్‌మెంట్ జోన్, రెండు వైపులా కర్రలు కట్టేశారు.

రిటైర్డ్_ఏఎన్‌ఎం: ఒక్క బిడ్డ వచ్చినా సీసా తెరవాలనేదే రూలమ్మా, ఆవిడ చేసింది తప్పే. కానీ ఎం.ఆర్. (తట్టు, రుబెల్లా టీకా) మందు కలిపాక నాలుగు గంటలే ఉంటుంది, మిగిలింది పారబోస్తే లెక్క అడిగేది మమ్మల్నే. పొద్దున జ్వరం సర్వే, మధ్యాహ్నం క్వారంటైన్ ఇళ్లు, ఆ మధ్యలో టీకాలు. నా ఇంట్లోవాళ్లే నన్ను గుమ్మంలో ఆపి స్నానం చేసి రమ్మనేవాళ్లు.

సిద్దిపేట_అమ్మ: మీ కష్టం నేను కాదన్నానా? సీసా ఎందుకు తెరవలేదు, అది చెప్పండి.

గుంటూరు_నాన్న: సీసా పక్కన పెట్టండి. ఆ తర్వాత ఎందుకు వెళ్లలేదు?

వైజాగ్_వదిన: మా ఊళ్లో ఆశా ఇంటికే వచ్చి పిలుచుకెళ్లింది. అందరినీ ఒకే గాటన కట్టకండి.

సిద్దిపేట_అమ్మ: ఎందుకు వెళ్లలేదు? ఆగస్టులో వెళ్లాను సార్! టీకా వేశారు. వేసే ముందు కార్డులో ఖాళీ గడి మీద వేలు పెట్టి, చదువుకున్నదానివి, బుద్ధి లేదా అని అందరి ముందూ అన్నారు. వాళ్లు తిప్పి పంపిన సంగతి ఆ గడిలో ఉండదు కదా. రెండో డోసు ప్రైవేటులో డబ్బు కట్టి వేయించాను. నాతో వచ్చిన పక్కింటామె ఆ మాటలు విని బాబుని ఎత్తుకుని వెనక్కి వెళ్లిపోయింది. వాడికి ఇప్పటికీ తట్టు టీకా పడలేదు. మీరూ అదే మాట రాశారు, నిర్లక్ష్యమని.

గుంటూరు_నాన్న: ఆ మాట వెనక్కి తీసుకుంటున్నానమ్మా. ఆరు శాతమే అన్న తమ్ముడికి ఒకటి చెప్పాలి, డీపీటీ మొదటి డోసు కూడా పడని పిల్లలు మన దేశంలో ఒక్క ఏడాదిలో 14 లక్షల నుంచి 30 లక్షలయ్యారు.

రిటైర్డ్_ఏఎన్‌ఎం: ఆ బాబుకి ఎన్నేళ్లమ్మా? ఐదేళ్లు నిండకపోతే ఎం.ఆర్. రెండు డోసులూ నెల తేడాతో వేస్తారు. కార్డు పోయినా పర్వాలేదు. తిడతారని ఆగిపోవద్దని చెప్పండి.

సిద్దిపేట_అమ్మ: మూడు దాటాయి. శనివారం నేనే దగ్గరుండి తీసుకెళ్తాను. ఈసారి ఆ గడి చూపించి ఎవరైనా ఆమెను ఒక్క మాట అంటే మాత్రం ఊరుకోను.