రక్షిత ప్రాంతంలోకి నడక దారి వేయాలా, అంచు దగ్గరే ఆపాలా?

నేలబాట:
చిన్న ఊరి పక్కన ఏ అడవి ముక్కనో చిత్తడి నేలనో రక్షిత ప్రాంతంగా ప్రకటించగానే మొదట వచ్చే మాట "లోపలికి ఒక వాకింగ్ ట్రైల్ వేద్దాం" అని. నేను నడకకు వ్యతిరేకిని కాదు, నడిచేవాడినే. కానీ నా అభిప్రాయం సూటిగా చెప్తాను: అంచు వెంట ఒకే ఒక్క దారి వేయండి, దాన్ని గట్టిగా, మంచిగా వేయండి, నడిమధ్యకు మాత్రం ఏ దారీ వద్దు.

కారణం ఏమిటంటే, ఎవరూ తొక్కని నేల మీద మొదట నడిచే కొద్దిమంది వల్లే గడ్డికీ చిన్న మొక్కలకూ ఎక్కువ దెబ్బ తగులుతుంది. ఆ తర్వాత అదే దారిలో నడిచేవాళ్లు రెట్టింపైనా నష్టం రెట్టింపు కాదు, ఎందుకంటే పోవాల్సింది అప్పటికే పోయింది. కాలిబాటల మీద పనిచేసే పరిశోధకులు దశాబ్దాలుగా ఇదే చెబుతున్నారు. కాబట్టి "జనాన్ని నాలుగు దారుల్లోకి పంచితే భారం తగ్గుతుంది" అనే వాదన వినడానికి బాగుంటుంది గానీ, చాలాచోట్ల అలా చేస్తే పాడైన దారులు నాలుగు అవుతాయి. మీరేమంటారు?

కాళ్లకుపని:
నేలబాట గారూ, మీ లెక్క మట్టికి సరిపోతుందేమో, మనుషులకు సరిపోదు. అంచు మీద నడిచి కంచె చూసి తిరిగొచ్చే మనిషికి ఆ నేల మీద ప్రేమ ఎలా పుడుతుంది? రేపు ఎవరో వచ్చి అందులో సగం తవ్వుకుంటామంటే అడ్డుకోవడానికి ఊళ్లో ఎవరు లేస్తారు? లోపల నడిచి, ఆ నీడలో కూర్చుని, ఆ చెట్లను గుర్తుపట్టే వాళ్లే లేస్తారు.

ఇంకో విషయం. రక్షిత ప్రాంతం అని బోర్డు పెట్టక ముందు నుంచీ అందులో దారులు ఉంటాయి. అవతలి పల్లెకు పోయేవి, నీటి దగ్గరికి పోయేవి. వాటి మీద తరతరాలుగా నడిచినవాళ్లకు ఒక్కసారిగా "మీరు అంచున తిరగండి" అని చెప్పడం న్యాయం కాదు. స్కాట్లాండ్‌లో 2003 నాటి భూసంస్కరణ చట్టం బాధ్యతగా మెలిగే ఎవరికైనా చాలావరకు భూమి మీద, ప్రైవేటు భూమితో సహా, నడిచే హక్కు ఇచ్చింది. అక్కడ ప్రకృతి ఏమీ కూలిపోలేదు.

గూటిపక్షి:
నేను ఇద్దరితోనూ ఒప్పుకోను. అంచు దారి కూడా అక్కర్లేదనే నా పట్టుదల, ముఖ్యంగా ప్రాంతం చిన్నదైతే. వినోదం కోసం మనుషులు రావడం వల్ల జంతువులకు ఏమవుతుందో చూసిన 274 పరిశోధనలను 2016లో ఒకచోట చేర్చి పరిశీలించారు. వాటిలో 93 శాతానికి పైగా ఏదో ఒక ప్రభావం కనిపించింది, నమోదైన ప్రభావాల్లో 59 శాతం చెడు ప్రభావాలే. నడవడం వల్ల ఏమీ కాదు, మోటారు బళ్లే ప్రమాదం అని మనం అనుకుంటాం. అదంత నమ్మదగిన మాట కాదు. ఇంజిన్ శబ్దం దూరం నుంచే వినిపిస్తుంది, నడిచే మనిషి మాత్రం గూడు దాకా వచ్చేస్తాడు.

పెద్ద అడవిలో పక్షి ఒక దారి నుంచి తప్పుకుంటే ఇంకో పక్కకు పోతుంది. చిన్న ఊరి పక్కన మిగిలిన ముక్కలో ఎక్కడికి పోతుంది? ఒకే దారి వేసినా, దానికి రెండు వైపులా కొంత మేర భయపడే పక్షులు వదిలేసే నేలను కలిపి లెక్కేసుకోండి. ముక్క చిన్నదైతే మిగిలేది ఏముంటుంది?

కాళ్లకుపని:
"ప్రభావం" అనే మాటలో చాలా దాగి ఉందండీ. మనిషిని చూసి జింక తలెత్తడమూ ప్రభావమే, గూడు వదిలేసి గుడ్లు చల్లబడిపోవడమూ ప్రభావమే. రెండూ ఒకటి కావు. మొత్తం మూసేయాలంటే ఆ రెండో రకం జరుగుతోందని ముందు చూపించాలి.

గూటిపక్షి:
అది సరైన ప్రశ్నే. కానీ చూపించాల్సిన భారం ఎప్పుడూ పక్షుల వైపు వాళ్ల మీదే ఎందుకు పడాలి? దారి వేసేవాళ్లు ముందు ఒక ఏడాదైనా ఏ కాలంలో ఏవి ఎక్కడ గూళ్లు పెడుతున్నాయో చూసి, తర్వాత గీత గీయొచ్చు కదా. చాలాచోట్ల ముందు దారి వేస్తారు, తర్వాత పక్షుల బోర్డు పెడతారు.

దారిపని:
నేను దారులు బాగుచేసే పనిలో ఉన్నాను, కాబట్టి కాస్త నేల సంగతి మాట్లాడతాను. మీరంతా "ఎక్కడ" అని కొట్టుకుంటున్నారు. "ఎలా" అన్నది ఎవరూ అడగడం లేదు. దారిని చంపేది ఎక్కువగా నీళ్లు. వాలుకు నిటారుగా, పై నుంచి కిందికి దారి వేస్తే అది మొదటి పెద్ద వానకే కాలువ అవుతుంది, మట్టి కొట్టుకుపోయి రాళ్లూ వేళ్లూ తేలతాయి. మేము పాటించే లెక్క ఏమిటంటే, దారి ఎక్కే వాలు ఆ కొండ పక్క వాలులో సగం మించకూడదు, మొత్తం మీద సగటున 10 శాతం లోపు (అంటే వంద అడుగుల దూరానికి పది అడుగుల ఎత్తు లోపు) ఉండాలి, దారి పైభాగం కొంచెం బయటికి, పల్లం వైపుకు వంగి ఉండాలి, నీళ్లు అడ్డంగా దాటి పోవడానికి. వాలుకు అడ్డంగా మెలికలు తిరుగుతూ వేసిన దారి పొడవు పెరుగుతుంది, ఖర్చు పెరుగుతుంది, కానీ నిలుస్తుంది.

రెండోది బురద. దారిలో ఒకచోట బురద ఉంటే జనం పక్క నుంచి పోతారు. అక్కడా బురదవుతుంది, ఇంకాస్త పక్కకు పోతారు. మనిషి పట్టేంత దారి చూస్తుండగానే బండి పట్టేంత అవుతుంది. దానికి మందు బోర్డు కాదు. ఆ చోట రాళ్లు పరచడం, లేదా చెక్క పలకల దారి వేయడం. చిత్తడి నేలలో అయితే పలకల దారి తప్ప వేరే మాటే లేదు. అది వేయడానికి స్తోమత లేకపోతే అక్కడ దారి వద్దు, అంతే. వేసి వదిలేసిన దారి అసలు లేని దారి కంటే ఘోరం.

చల్లగాలి:
కుక్కల సంగతి ఏమిటి? నేను రోజూ నా కుక్కతోనే నడుస్తాను. గొలుసు వేసే తీసుకెళ్తాను కాబట్టి ఇబ్బంది ఏముంటుంది?

గూటిపక్షి:
గొలుసు వేసినా ఉంటుందండీ. సిడ్నీ అంచుల్లోని అడవుల్లో చేసి 2007లో ప్రచురించిన అధ్యయనం ఉంది. గొలుసుతో ఉన్న కుక్కను నడిపించిన దారుల పక్కన, ఎవరూ నడవని దారులతో పోలిస్తే, పక్షి జాతులు 35 శాతం, పక్షుల సంఖ్య 41 శాతం తగ్గాయి. మనుషులు మాత్రమే నడిచినప్పుడు తగ్గుదల ఇందులో సగం కూడా లేదు. కుక్కలు రోజూ వచ్చే చోట పక్షులకు అలవాటైపోయిందా అంటే అదీ లేదు, కుక్కలను నిషేధించిన చోట ఎంత బెదిరాయో అక్కడా అంతే.

ఇంగ్లండ్‌లో 2000 నాటి చట్టం కింద జనానికి తెరిచిన నేలల్లో మార్చి 1 నుంచి జూలై 31 దాకా కుక్కను 2 మీటర్లు మించని పట్టీతోనే తీసుకెళ్లాలి. నేల మీద గూడు పెట్టే పక్షులున్న చోట ఆ నెలలు ఎంత ముఖ్యమో వాళ్లు చట్టంలోనే రాసుకున్నారు. ఏ ప్రాంతానికి ఆ నెలలు ఏవో అక్కడివాళ్లు తేల్చుకోవాలి. నన్నడిగితే ఆ నెలల్లో కుక్కలు అసలే వద్దు.

మెల్లగా:
ఇంత చర్చలో చక్రాల కుర్చీ మీద తిరిగేవాళ్ల మాట ఒక్కరూ ఎత్తలేదు, నాకు బాధేసింది. దారి వేస్తే కొంత దూరమైనా చదునుగా, గట్టి నేలతో, మధ్యమధ్య కూర్చునే బల్లలతో వేయండి. గేటు దగ్గర సందు ఇరుకుగా పెట్టి మోటారు సైకిళ్లను ఆపామని సంబరపడితే మమ్మల్నీ ఆపినట్టే. నేలబాట గారు చెప్పిన అంచు దారికి నేను ఓటేసేది ఇందుకే, అంచున నేల సాధారణంగా చదును, వాహనం దగ్గరి దాకా వస్తుంది.

నేలబాట:
మెల్లగా గారూ, మీ మాట అందరికంటే ముందు నేనే అనాల్సింది. దారిపని గారు చెప్పినదాంతో నా వాదన ఇంకా గట్టిపడింది: ఉన్న డబ్బూ మనుషులూ ఒక మంచి దారికే సరిపోతాయి.

కాళ్లకుపని గారికి ఒక ఉదాహరణ చెప్తాను. న్యూజీలాండ్‌లో ఆక్లండ్ పక్కన వైటాకెరె కొండలున్నాయి. అక్కడి కౌరీ చెట్లను వేరు కుళ్లు తెగులు చంపుతోంది. తెగులు మట్టిలో ఉంటుంది, బూటు అడుగున అంటిన కాస్త మట్టితోనే ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు పోతుంది. 2017 డిసెంబరులో అక్కడి మావోరీ తెగ తమ సంప్రదాయం ప్రకారం అడవిలోకి ఎవరూ వెళ్లొద్దని నిషేధం పెట్టింది, 2018లో నగర పాలక మండలి కూడా అడవిని మూసింది. తర్వాత దారులను కంకరతో, పలకలతో మళ్లీ కట్టి, బూట్లు కడిగే చోట్లు పెట్టి, ఒక్కొక్కటిగా తెరుస్తూ వచ్చారు. అడవిని ప్రేమించి నడిచినవాళ్ల కాళ్లే ఆ తెగులును మోశాయి. ప్రేమ ఉంటే చాలు అనే మాట దగ్గర నేను ఆగిపోయేది ఇందుకే.

చిన్న ఊళ్లో అసలు చిక్కు ఇంకొకటి. అవసరమైతే దారిని మూసే అధికారం ఎవరిది? ప్రారంభోత్సవానికి అందరూ వస్తారు. గూళ్ల కాలంలో గొలుసు వేసి తాళం పెట్టే మనిషి ఎవరో రాసి ఉండదు. అది కాగితం మీద తేలే దాకా ఒక్క అడుగు దారి కూడా వేయొద్దంటాను. పైగా ఇప్పుడు ఎవరో ఒకరు అడ్డదారిలో నడిచి ఫోన్ మ్యాప్‌లో పెడతారు, తర్వాత వచ్చేవాళ్లు దాన్నే అసలు దారి అనుకుంటారు.

కాళ్లకుపని:
తాళం సంగతి ఒప్పుకుంటాను, తెగులు ఉంటే మూయడమూ ఒప్పుకుంటాను. పాత దారుల విషయంలో మాత్రం దిగను. కొత్తగా నరికి వేసే దారి వేరు, ఎప్పటినుంచో తొక్కుడుపడ్డ దారి వేరు. మొదటి అడుగులకే ఎక్కువ నష్టం అన్నది మీరే కదా? ఆ నష్టం జరిగిపోయిన దారిని మూసి, అంచున పచ్చని నేల మీద కొత్తది వేయడం మీ లెక్క ప్రకారమే తప్పు. పాతవాటిలో ఒకటి ఎంచి బాగుచేయండి, అది నడిమధ్య నుంచి పోయినా సరే.

గూటిపక్షి:
మట్టికి జరిగిన నష్టం అయిపోయి ఉండొచ్చు. గూళ్లకు జరిగేది ప్రతి ఏడాదీ కొత్తగా జరుగుతుంది. పాత దారైనా గూళ్లు పెట్టే నెలల్లో మూయాల్సిందే.

దారిపని:
పాత దారిని ఎంచే ముందు ఒక వానాకాలంలో దాని మీద నడిచి చూడండి, సగం పాత దారులు నిటారుగా ఉంటాయి, అవి నిలవవు. మూసేవాటికి బోర్డు ఒక్కటే పెడితే ఎవరూ ఆగరు. మొదలు దగ్గర కంటికి కనిపించేంత దూరం కొమ్మలూ మోడులూ అడ్డం వేసి, గట్టిపడ్డ మట్టిని గుల్ల చేసి, అక్కడి మొక్కలే నాటాలి. దారి ఉందని కనిపించకపోతే చాలామంది అటు తిరగరు. లోపలి భాగాన్ని అలా వదిలేయొచ్చు, నీళ్లు పారే చోట్ల మాత్రం అడ్డంగా దుంగలు పెట్టండి, లేదంటే మనుషులు మానేసినా కోత ఆగదు.