"మా" అంటే మీకు తెలిసిన భాషలో ఏంటి?

పటాల_అంగడి (తిరుపతి):
మాది గాంధీ రోడ్డులో దేవుడి పటాల అంగడి. మా వదినది బెంగళూరు, పుట్టింట్లో కన్నడమే. తెలుగు బాగా పట్టేసింది గానీ ఒక్క చోట చిక్కు. అత్తతో మాట్లాడేటప్పుడు కూడా "మా ఇల్లు, మా పిల్లోళ్లు" అంటుంది. అమ్మకి చుర్రుమంటుంది: "మా ఇల్లేంది, నేను ఈ ఇంట్లో లేనా? మన ఇల్లు అనమ్మా!" పాపం వదిన తప్పేం లేదు. కన్నడంలో రెండిటికీ "నమ్మ"నే, హిందీలోనూ "హమారా" ఒక్కటే. వినే మనిషిని కలుపుకుంటే మన, వదిలేస్తే మా అని విడదీసేది మనమూ, తమిళోళ్లూ, ఇంకొందరూ.

అంగట్లో ఇదే అక్షరం ఇంకోలా వినిపిస్తుంది. బెంగాలీ పెద్దాయన ఒకరు లక్ష్మీదేవి పటం చూపించి మా అమ్మాయితో "మా, ఓటా దావ్" అన్నారు. చిన్నపిల్లని అమ్మా అనడం మనకీ ఉంది కాబట్టి పాప టక్కున తీసిచ్చింది. మిగతా భాషల్లో "మా" అంటే ఏంటి? అన్నిటికీ మూలం అమ్మేనా?

నగరి_బార్డర్:
అమ్మే మూలమంటే మా ఇంట్లో ఒప్పుకోరన్నా. తమిళంలో మా అంటే మామిడి. మా, పలా (పనస), వాళై (అరటి), ఈ మూడూ ముక్కని, అంటే మూడు పండ్లు. పాత తమిళంలో జంతువుకీ, గుర్రానికీ, ఏనుక్కీ కూడా మా అనే అన్నారు. ఇంగ్లీషు మ్యాంగో కూడా ఇటునుంచి పోర్చుగీసుల నోట్లో పడి వెళ్లిందే. దామలచెరువు మామిడి మండీలో మాత్రం ఎవరూ ఇంత ఆలోచించరు, రేటెంత అనేదే టెన్షన్.

పలమనేరు_పిల్ల:
కన్నడంలో మామిడి "మావు". తమిళంలో మావు అంటే పిండి. మా అక్క పెళ్లికి నగరి వైపు వంటమాస్టర్ "మావు ఎడుత్తు వా" అని కేకేస్తే, కోలారు కుర్రోడు మామిడికాయల బుట్ట మోసుకొచ్చాడు. సీజన్ కాబట్టి దొరికాయి కూడా!

చైనా_ఎంబీబీఎస్:
చైనీస్‌లో అర్థమంతా గొంతులోనే ఉంది. పై స్థాయిలో నిలిపి "మా" అంటే అమ్మ. కింది నుంచి పైకి లేపితే నార తీసే మొక్క. దించి లేపితే గుర్రం. గట్టిగా కిందికి కొడితే తిట్టడం. వాక్యం చివర తేలిగ్గా తగిలిస్తే అది ప్రశ్న, "నీ హావ్ మా" లాగా. మొదట్లో నేను అమ్మ గురించి చెబుతుంటే క్లాసంతా గుర్రం గురించి వినేది. వియత్నాం క్లాస్‌మేట్ ఇంకో బాంబు వేసింది: వాళ్లకి గొంతు మార్చకుండా మా అంటే దయ్యమట.

విద్యాపీఠం_పూర్వవిద్యార్థి:
సంస్కృతంలో మా అంటే వద్దు. గీతలో "మా శుచః" అంటే శోకించకు. మా అంటే లక్ష్మి కూడా, ఆమె ధవుడు, అంటే భర్త, కాబట్టి మాధవుడు. ఈ రెండర్థాలతో వ్యాఖ్యాతలు భలే ఆట ఆడారు. వాల్మీకి బోయవాణ్ణి శపించిన "మా నిషాద" శ్లోకం ఉంది కదా. అందులో మా, నిషాద కలిపి ఒకే మాటగా చదివి, లక్ష్మికి నివాసమైనవాడా అన్నారు. అంటే శ్రీనివాసా అని! శాపం కాస్తా స్తోత్రమైంది. నాకైతే ఈ చర్చ మొత్తంలో ఇదే ఇష్టం, పక్షపాతం అనుకున్నా సరే.

ఇక మూలం సంగతి. పసిపిల్లలు పెదాలు మూసి పాలు తాగుతూ చేసే చప్పుడు "మ్". అందుకే సంబంధం లేని భాషల్లో కూడా అమ్మ మాటల్లో అది దొరుకుతుందని భాషాశాస్త్రవేత్త రోమన్ యాకబ్సన్ వివరించాడు. మామిడి, గుర్రం, వద్దు, ఇటాలియన్‌లో "కానీ", హంగేరియన్‌లో "ఈరోజు", ఇవన్నీ వేరువేరు దారుల్లో వచ్చి ఒకే చప్పుడు దగ్గర తేలినవి. ఫ్రెంచ్‌లో "మా మేర్" అంటే మా అమ్మ, అది కూడా కాకతాళీయమే. అమ్మ మాటకి కూడా గ్యారంటీ లేదు లెండి. జార్జియా దేశంలో "మామా" అంటే నాన్న.

పటాల_అంగడి:
మరి అమ్మని ఏమంటారు సార్?

విద్యాపీఠం_పూర్వవిద్యార్థి:
దెదా.