2020లో ద్రవ్య వినిమయ బిల్లు మండలిలో ఆగి జీతాలు లేటయ్యాయి గదా, తప్పు ఎవరిది?

పెన్నా గట్టు (నెల్లూరు):
అమెరికాలో 2025 అక్టోబర్ 1 నించి నవంబర్ 12 దాకా 43 రోజులు గవర్నమెంట్ షట్‌డౌన్ అయింది గదా, అంటే ఖర్చుల బిల్లు పాస్ కాక ఆఫీసులు ఆగిపోవటం, మా వీధిలో పిల్లలు అక్కడుండే ఇళ్ళే ఎక్కువ, అప్పట్నించీ ఇక్కడ ఒకటే వాదన, తప్పు రిపబ్లికన్లదా డెమోక్రాట్లదా అని. ఒకాయన అయితే మన దేశంలో అట్టాంటిది జరగనే జరగదు అనేశాడు. ఎందుకు జరగదు? మన రాష్ట్రంలోనే 2020 జూన్ 17న శాసనమండలి బడ్జెట్ బిల్లు, అదే ఖజానా నించి డబ్బు తీసేదానికి అనుమతిచ్చే ద్రవ్య వినిమయ బిల్లు, పాస్ చెయ్యకుండానే నిరవధిక వాయిదా పడింది, జులై ఒకటో తారీఖున పడాల్సిన జీతాలు పడలా. ఆ రోజునించీ వైసీపీ వాళ్ళు టీడీపీని, టీడీపీ వాళ్ళు వైసీపీని తిట్టుకోవటమే గానీ ఆ రెండు వారాల్లో అసలేం జరిగిందో ఎవరూ నిదానంగా చెప్పరు. నా మటుకు నాకు తప్పులో పెద్ద వాటా అప్పటి ప్రభుత్వానిదే. ఒప్పుకోనోళ్ళు కారణం చెప్పండి, పార్టీ పేరు చెప్పి తిట్టొద్దు.

కావలి కుర్రోడు:
అన్నా, మండలిలో మెజారిటీ ఎవరిది? టీడీపీది. వైసీపీకి పట్టుమని పది మంది లేరు అప్పుడు. కుర్చీలో డిప్యూటీ ఛైర్మన్, ఆయనా టీడీపీ ఆయనే. వాళ్ళు తల్చుకుంటే అయిదు నిమిషాల్లో బిల్లు తిప్పి పంపొచ్చు. మూడు రాజధానుల బిల్లులు రాకుండా చేసేదానికి బడ్జెట్‌ని అడ్డం పెట్టుకున్నారు, ఇందులో అర్థం కానిది ఏముంది?

ఒంగోలు మాజీ ట్రెజరీ:
అయ్యా, ముందు బిల్లు ఆగితే ఏమవుతుందో తెలుసుకుని మాట్లాడుకోండి. ఖజానాలో డబ్బు ఉండటం వేరు, దాన్ని తీసే అధికారం ఉండటం వేరు. ఆర్టికల్ 204 ప్రకారం ద్రవ్య వినిమయ చట్టం లేకుండా సంచిత నిధి, అంటే రాష్ట్ర ఖజానా, నించి రూపాయి తియ్యకూడదు. ఆ ఏడు మార్చిలో కరోనా వల్ల సభ జరగలేదు కాబట్టి మూడు నెలల ఖర్చుకి ఆర్డినెన్స్ ఇచ్చారు, అది జూన్ 30తో సరి. ఆ తర్వాత డీడీవో (ఆఫీసు తరపున జీతాల బిల్లు పెట్టే అధికారి) ఎంత టైముకి జీతాల బిల్లు పెట్టినా పాస్ చేసేదానికి ట్రెజరీలో ఎవరికీ చెయ్యి ఆడదు. ఆఫీసులో కూర్చున్నోడి తప్పు కాదు అది, కానీ ఫోన్లు మాత్రం వాడికే వస్తాయి.

ఆత్మకూరు టీచరమ్మ:
నాకు ఆ నెల బాగా గుర్తు. మార్చి జీతం అప్పటికే సగం ఇచ్చి సగం ఆపారు కరోనా అని. మళ్ళీ జులైలో ఇది. ఇంటి లోను ఈఎమ్ఐ రెండో తారీఖు, అకౌంట్లో డబ్బు లేక బౌన్స్ అయింది, దానికి మళ్ళీ బ్యాంకు చార్జీ వేసింది. టీవీ పెడితే మండలిలో తోపులాట, ఎవరు ఎవర్ని సెల్‌ఫోన్‌లో వీడియో తీశారు అన్న గొడవ. జీతం సంగతి ఒక్కరు మాట్లాడలా. నాకు ఏ పార్టీ అయినా ఒకటే, ఇద్దరికీ మేం కనపళ్ళేదు.

పెన్నా గట్టు (నెల్లూరు):
కావలి తమ్ముడూ, నువ్వు చెప్పిన మెజారిటీ మాట నిజమే, టీడీపీకి తప్పులో వాటా లేదని నేను అనలా. కానీ క్యాలెండర్ ముందేసుకుని చూడు. ద్రవ్య బిల్లుని మండలి చంపలేదు, ఆర్టికల్ 198 ప్రకారం 14 రోజులు ఆపగలదు అంతే, ఆ గడువు అయిపోతే పాసైనట్టే లెక్క. ఇది ఆర్థిక శాఖలో గుమాస్తాకి కూడా తెలుసు. ఆర్డినెన్స్ జూన్ 30తో అయిపోతుందని వాళ్ళకి మార్చిలోనే తెలుసు, రాసింది వాళ్ళే గదా. మండలితో జనవరి నించి యుద్ధం, రాజధాని బిల్లుల్ని జనవరి 22న సెలెక్ట్ కమిటీకి పంపారని 27న అసెంబ్లీలో మండలినే రద్దు చెయ్యమని తీర్మానం చేశారు. అట్టాంటి సభ మన బిల్లుని ఆపదు అని ఎట్టా అనుకుంటారు? అయినా సరే సభ పెట్టింది జూన్ 16, 17. పదిహేడుకి 14 కలుపు, జులై 1 వచ్చింది. ఒక్క వారం ముందు పెట్టుంటే మండలి ఎంత మొండికేసినా జూన్‌లోనే గడువు తీరిపోయేది, టీచరమ్మ ఈఎమ్ఐ బౌన్స్ అయ్యేది కాదు. మండలిలో టీడీపీ వాళ్ళు ముందు బడ్జెట్ బిల్లు తీసుకోండి అన్నారు, మంత్రులు ముందు రాజధాని బిల్లులు అన్నారు, ఈ పంతంలోనే పొద్దు గడిచిపోయింది. జీతాల బిల్లు ముందు పెట్టి పాస్ చేయించుకుని తర్వాత రాజధాని మీద ఎంతసేపైనా కొట్టుకోవచ్చు. ఏ బిల్లు ముందో, సభ ఎప్పుడో తేల్చుకునే వీలు ఎక్కువగా ఉండేది ప్రభుత్వానికి, అందుకే పెద్ద వాటా వాళ్ళది అంటున్నా.

కావలి కుర్రోడు:
లాక్‌డౌన్ అయిపోయి పట్టుమని నెల కాలేదన్నా, ఎమ్మెల్యేలు అందర్నీ కూర్చోబెట్టటం అంత తేలికా? సరే వారం ముందు పెట్టలేదు, ఒప్పుకుంటా. కానీ 14 రోజుల లెక్క టీడీపీకి మాత్రం తెలీదా? యనమల లాంటోళ్ళు ఏళ్ళ తరబడి ఆర్థిక మంత్రి చేశారు. వాయిదా వేస్తే ఒకటో తారీఖున జీతాలు పడవని తెలిసే వేశారు. తెలిసి చేసినోడిదే పెద్ద తప్పు నా దృష్టిలో. ఇంకో మాట, 2024లో టీడీపీ వచ్చినాక ఏం చేసింది? ఫిబ్రవరిలో వైసీపీ పెట్టిన ఓటాన్ అకౌంట్ (పూర్తి బడ్జెట్ వచ్చేదాకా కొన్ని నెలల ఖర్చుకి అనుమతి) అయిపోతే మళ్ళీ నాలుగు నెలలకి ఆర్డినెన్స్, పూర్తి బడ్జెట్ నవంబర్ 11న పయ్యావుల కేశవ్ పెట్టేదాకా ఏడాదిలో ఏడు నెలల పైనే గడిచిపోయాయి.

ఒంగోలు మాజీ ట్రెజరీ:
అది కూడా తప్పే, కానీ రెండిటికీ పోలిక లేదు. 2024లో ఆర్డినెన్స్ గడువు లోపల వచ్చింది కాబట్టి చెల్లింపులకి చట్టం అడ్డు రాలేదు. సభ ముందు పూర్తి లెక్క పెట్టకుండా ఏడు నెలల పైన నడపటం మంచి పద్ధతి కాదు, అది వేరే చర్చ.

పెన్నా గట్టు (నెల్లూరు):
తెలిసి చేశారన్న మాటకి నా దగ్గర జవాబు లేదు తమ్ముడూ, వాళ్ళకీ తెలుసు. అమెరికాలో గొడవ కూడా ఇదే, సెనేట్‌లో రిపబ్లికన్లు 53 మంది, బిల్లు కదలాలంటే 60 ఓట్లు కావాల. హెల్త్ ఇన్సూరెన్స్ సబ్సిడీ డిసెంబర్‌తో అయిపోతుంది, పొడిగిస్తేనే ఓటేస్తాం అని డెమోక్రాట్లు, ముందు గవర్నమెంట్ తెరవండి తర్వాత చూద్దాం అని వీళ్ళు. ఆఖరికి అవతల పక్క నించి ఎనిమిది మంది ఇటు ఓటేస్తే కదిలింది, సబ్సిడీ మీద మాత్రం తర్వాత ఓటింగ్ పెడతామన్న మాట తప్ప ఏమీ దక్కలా. అక్కడ 14 రోజుల గడువు లాంటిది లేదు కాబట్టి 43 రోజులు సాగింది, మనకి ఉంది కాబట్టి రోజుల్లో తేలింది. అంబేద్కర్ వాళ్ళు ఆ గడువు రాసిపెట్టకుండా ఉంటే ఆ ఏడు మన రాష్ట్రం ఎన్ని నెలలు ఆగిపోయేదో అనుకుంటే భయమేస్తది. ఆ రద్దు తీర్మానం సంగతి కూడా చూడండి, మండలిలో తమకి బలం వచ్చినాక 2021 నవంబర్‌లో వెనక్కి తీసుకున్నారు. అంటే మండలి వల్ల రాష్ట్రానికి నష్టం అన్నది ఆరోజు చెప్పిన కారణమే గానీ అసలు కారణం కాదు.

ఆత్మకూరు టీచరమ్మ:
మీరిద్దరూ వాటాలు తేల్చుకోండి గానీ, ఓటాన్ అకౌంట్ గడువుకి కనీసం నెల ముందు ద్రవ్య వినిమయ బిల్లు మండలికి చేరాలని సభ నిబంధనల్లో రాయమని మా సంఘం తరపున అడగాలని ఉంది. ట్రెజరీ సార్, అది ఎవరికి రాయాల, స్పీకర్‌కా, ఆర్థిక శాఖకా?

ఒంగోలు మాజీ ట్రెజరీ:
రెండు చోట్లకీ పంపండమ్మా. డ్రాఫ్ట్ నేను రాసిస్తా.