గడ్డ మెరవడానికి తాగించిన మందుతో ఆపరేషన్‌లో బీపీ పడిపోయిందట, నేనిచ్చిన మాత్ర కూడా కారణమా?

అమలాపురం_అమ్మాయి:

అందరికీ నమస్కారం. మా నాన్నకి 63 ఏళ్లు, ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైరయ్యారు. రెండు నెలల క్రితం ఫిట్స్ వస్తే స్కాన్ తీయించాం. మెదడులో కుడివైపు ముందు భాగంలో గడ్డ అన్నారు. మొన్న మంగళవారం హైదరాబాద్‌లో ఆపరేషన్ అయింది. నాన్న ఇప్పుడు ఐసీయూలో ఉన్నారు, మాట్లాడుతున్నారు.

ఆపరేషన్ రోజు తెల్లవారుజామున 5 గంటలకు సిస్టర్ ఒక చిన్న గ్లాసులో మందు తెచ్చి తాగించింది. గడ్డ ఉన్నచోట ఎర్రగా మెరుస్తుందట, డాక్టర్‌కి ఎక్కడిదాకా తీయాలో తెలుస్తుందట. నాన్న బరువు 68 కిలోలు కాబట్టి 45 మిల్లీలీటర్లని షీట్‌లో రాసుకుంది. తాగగానే నాన్న ముఖం వికారంగా పెట్టి, "ఉసిరికాయ రసంలో మందు కలిపినట్టుందే" అన్నారు. ఆ వెంటనే కర్టెన్లు వేసేశారు, ఎండ తగలకూడదన్నారు.

అసలు విషయానికొస్తాను. నాన్న పదేళ్లుగా బీపీకి టెల్మిసార్టాన్ 40 వేసుకుంటారు. ముందు రోజు చెకప్‌లో ఒకరు "పొద్దున బీపీ మాత్ర వేసుకోవచ్చు" అన్నారు, వార్డులో ఇంకొకరు "నోట్లోకి ఏమీ వద్దు" అన్నారు. బీపీ పెరిగితే ఆపరేషన్ వాయిదా పడుతుందేమోనన్న భయంతో 6 గంటలకు నేనే గుక్కెడు నీళ్లతో మాత్ర ఇచ్చాను. ఎవరికీ చెప్పలేదు.

సాయంత్రం మత్తు డాక్టరుగారు బయటికొచ్చి, మధ్యలో బీపీ 78/40కి పడిందనీ, చాలాసేపు మందులతో నిలబెట్టాల్సి వచ్చిందనీ, పొద్దున తాగిన మందు వల్ల కూడా అలా అవుతుందనీ చెప్పారు. నేను మాత్రం మాత్ర గురించే ఆలోచిస్తున్నాను. రెండు రాత్రులుగా నిద్ర లేదు. తెలిసినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి.

రాముడు_సీతానగరం:

ఇవన్నీ కొత్త కొత్త ప్రయోగాలమ్మా. మన మీద చేసి చూస్తున్నారు. ఫైలు జిరాక్స్ తీసుకుని కేసు వేయండి.

మత్తు_డాక్టరు_విశాఖ:

రాముడుగారూ, ఇది ప్రయోగం కాదు. యూరప్‌లో 2007లో, అమెరికాలో 2017లో అనుమతి వచ్చిన మందు. జర్మనీ డాక్టర్లు 270 మంది మీద చేసిన అధ్యయనం 2006లో వచ్చింది. మామూలు లైటు కింద చేసినవాళ్లలో స్కాన్‌లో కనిపించే గడ్డంతా తీయగలిగింది 36 శాతం మందికైతే, ఈ మందుతో చేసినవాళ్లలో 65 శాతం మందికి తీయగలిగారు. మా దగ్గర అరుదుగానే వాడతాం, అదీ ఖరీదు వల్లే.

అమ్మాయ్, నేను పదకొండేళ్లుగా న్యూరో ఓటీలో మత్తు ఇస్తున్నాను. మీ నాన్నగారి చార్ట్ చూడలేదు కాబట్టి ఇదే కారణమని తేల్చి చెప్పను. ఇలాంటి కేసుల్లో ఏం జరుగుతుందో చెబుతాను.

ఆ మందు పేరు 5-ఏఎల్ఏ. రక్తానికి ఎరుపు రంగునిచ్చే పదార్థం తయారవ్వడానికి మన ఒళ్లు రోజూ చేసుకునేదే. ఎక్కువ మోతాదులో తాగిస్తే గడ్డ కణాల్లో దాని నుంచి వచ్చే ఒక పదార్థం పేరుకుపోతుంది, నీలి లైటు వేస్తే అది ఎర్రగా మెరుస్తుంది. సర్జన్ "లైట్లు ఆపండి" అనగానే ఓటీ చీకటైపోతుంది. మైక్రోస్కోప్ తెర మీద నిప్పు కణికల్లా గడ్డ కనిపిస్తుంటే అందరూ అటే చూస్తారు. నేను మాత్రం చిన్న టార్చి పట్టుకుని సిరంజి మీద లేబుల్ చదువుకుంటుంటాను.

ఈ మందుకి రక్తనాళాలను వదులు చేసే గుణం కూడా ఉంది. చాలామందిలో బీపీ కాస్త తగ్గి ఊరుకుంటుంది. గుండె జబ్బో బీపీయో ఉన్నవాళ్లలో ఎక్కువగా తగ్గవచ్చు, కొందరిలో ఆపరేషన్ అయ్యాక కూడా గంటల తరబడి అలాగే ఉంటుంది. కంపెనీ ఇచ్చే కాగితంలోనే గుండె జబ్బు ఉన్నవాళ్లకి జాగ్రత్తగా వాడమని రాసి ఉంటుంది.

కానీ దొంగ ఒక్కడే కాదు. రాత్రి నుంచి ఏమీ తినలేదు, తాగలేదు. మత్తు మందు ప్రొపొఫాల్ బీపీని దించుతుంది. మెదడు వాపు తగ్గడానికి మానిటాల్ ఎక్కిస్తే లీటర్ల కొద్దీ మూత్రం పోతుంది. తలకి పిన్నులు బిగించేటప్పుడు బీపీ ఎగురుతుందని మత్తు పెంచుతాం, ఆ తర్వాత చాలాసేపు నొప్పి పుట్టించే పనేమీ ఉండదు, అప్పుడు జారుతుంది. వీటన్నిటి పైన టెల్మిసార్టాన్.

ఇప్పుడు మీ మాత్ర సంగతి. ఆ రకం మాత్రల్ని ఆపరేషన్‌కి 24 గంటల ముందు ఆపమని చాలామందిమి చెబుతాం. మీకు ఇద్దరు రెండు రకాలుగా చెప్పడం వాళ్ల తప్పు, మీది కాదు. పైగా టెల్మిసార్టాన్ ఒంట్లో సగానికి తగ్గడానికే దాదాపు ఒక రోజు పడుతుంది. ఆ పొద్దున మీరు ఇవ్వకపోయినా, ముందు రోజుది, అంతకుముందు రోజుది ఇంకా పనిచేస్తూనే ఉండేది. కాబట్టి మీరిచ్చింది కొంత కలిసి ఉండొచ్చు, అదొక్కటే కారణమైతే కాదు. మత్తు డాక్టరుగారికి మాత్రం ఆ మాట ఇప్పుడైనా చెప్పండి. తిట్టరు. ఆయన బుర్రలో ఉన్న లెక్క సరిపోతుంది.

ఇంకో మాట. 78/40 అంటే మీన్ ప్రెషర్, అంటే సగటు ఒత్తిడి, 53 దగ్గర. మేం సాధారణంగా 65కి పైన ఉంచాలని చూస్తాం. తల గుండె కంటే 20 సెంటీమీటర్లు పైన ఉంటే మెదడు దగ్గర ఇంకో 15 తగ్గుతుంది, అందుకే బీపీ చూడటానికి చేతి ధమనిలో పెట్టిన ఆర్టరీ లైన్ రీడింగ్‌ని చెవి ఎత్తుకి సరిచేసి చూస్తాం. అంత తక్కువగా ఎంతసేపు ఉందన్నదే ముఖ్యం. చార్ట్ చూపించమని అడగండి. ఎన్ని నిమిషాలు, ఏ మందు, ఎప్పుడు ఆపారు అన్నవి చూడండి. తర్వాత కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎంతో, మూత్రం సరిగా వస్తోందో, ఎడమ చెయ్యీ కాలూ ఎలా ఆడుతున్నాయో కనుక్కోండి.

కరీంనగర్_మాస్టారు:

నాకు నిరుడు ఇలాంటి ఆపరేషనే అయింది. నాకైతే తాగించలేదు, మత్తు ఇచ్చేటప్పుడే నరంలోంచి పసుపు మందు ఎక్కించారట. మర్నాడు మూత్రం చూసి మా ఆవిడ కామెర్లు అనుకుని ఏడ్చింది. కళ్లు కూడా పసుపే. రెండు రోజుల్లో పోయింది. డాక్టరుగారూ, నా బీపీ కూడా పడి ఉంటుందా? అదీ ఇదీ ఒకటేనా?

మత్తు_డాక్టరు_విశాఖ:

ఒకటి కాదు మాస్టారూ. మీకు ఇచ్చింది ఫ్లోరెసీన్, కంటి డాక్టర్లు ఎప్పటినుంచో వాడుతున్నదే. చవక. గడ్డ దగ్గర రక్తనాళాల గోడ చెడి కారుతుంది కాబట్టి అక్కడ పసుపు చేరుతుంది. దాంతో బీపీ పడటం అరుదు, పడిందంటే అలర్జీ అనుకోవాలి. ఎక్కించిన నిమిషాల్లోనే ఒళ్లు ఎర్రబడటం, ఊపిరి బిగుసుకోవడం ఉంటాయి, దానికి మందు అడ్రినలిన్. 5-ఏఎల్ఏతో అలా ఉండదు. మెల్లగా దిగుతుంది, దద్దుర్లుండవు, బీపీ నిలబెట్టే నోర్అడ్రినలిన్ పెట్టినా మొండిగా కూర్చుంటుంది. మొదటిసారి చూసినప్పుడు నేను రక్తం ఎక్కడో పోతోందనుకుని సర్జన్‌ని రెండుసార్లు అడిగి విసిగించాను.

ఇంకోటి కూడా ఉంది, ఇండోసయనిన్ గ్రీన్, రక్తనాళాలు చూడటానికి వాడతాం. అది ఎక్కించగానే వేలికి పెట్టిన ఆక్సిజన్ మీటర్ కాసేపు తక్కువ చూపిస్తుంది. ఆక్సిజన్ పడిపోవడం కాదది, రంగుకి మీటర్ మోసపోవడం. కొత్త పీజీలు పరుగెత్తుకొస్తారు.

అమలాపురం_అమ్మాయి:

డాక్టరుగారూ, ఇవాళ చార్ట్ అడిగాను. ముందు "ఎందుకు" అన్నారు, తర్వాత చూపించారు. 9.20కి మొదలైంది. మీన్ ప్రెషర్ 60 కంటే కింద ఉన్నది మొత్తం 12 నిమిషాలు. నోర్అడ్రినలిన్ మధ్యాహ్నం 3.40 దాకా నడిచింది. క్రియాటినిన్ 1.1. ఎడమ చెయ్యి నా వేలు గట్టిగా పట్టుకుంది, స్టీరింగ్ పట్టినట్టే.

మాత్ర సంగతి మత్తు డాక్టరుగారికి చెప్పాను. ఒక నిమిషం నా వైపు చూసి, షీట్‌లో రాసుకుని, "ఇంకా ఏమైనా ఇచ్చారా?" అన్నారు. కొబ్బరి నీళ్లేమైనా పట్టించామేమోనని ఆయన భయం. లేదన్నాను.

నాన్న ఇడ్లీ తిన్నారు. కర్టెన్లు తీశారు. ఇప్పుడు బీపీ 112/70. పొద్దున లేవగానే "నా మాత్ర ఏదీ?" అని అడుగుతున్నారు, పదేళ్ల అలవాటు కదా. మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలి?

మత్తు_డాక్టరు_విశాఖ:

12 నిమిషాలైతే, చెయ్యి అలా పట్టుకుంటుంటే, నేనైతే ఊపిరి పీల్చుకుంటాను. మాత్ర మాత్రం నన్ను అడగొద్దు, వాళ్లనే అడగండి. రెండు మూడు రోజుల బీపీ చూసి వాళ్లు రాసిచ్చాకే. ఇద్దరు రెండు రకాలుగా చెబితే కాగితం మీద రాయించుకోండి.

అమలాపురం_అమ్మాయి:

అలాగేనండి. పొద్దున రౌండ్స్‌లో రాయించుకుంటాను. స్ట్రిప్ నాన్న జేబులోంచి తీసి నా బ్యాగులో పెట్టుకున్నాను, ఆయనకింకా తెలియదు.