డబ్ల్యూడీఎం-3ఏ రైలింజన్ మోడల్‌ని 1985 నాటి కాజీపేట డబ్ల్యూడీఎం-2గా మార్చాలి, తెల్ల అక్షరాల దగ్గర ఆగిపోయాను

పాతపట్టాలు:
అందరికీ నమస్తే. హెచ్‌ఓ స్కేల్ (అసలు సైజులో 87వ వంతు) డబ్ల్యూడీఎం-3ఏ డీజిల్ రైలింజన్ మోడల్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో దొరికింది. 3డీ ప్రింట్ బాడీ, మోటార్ బాగానే తిరుగుతోంది. దీన్ని 1985 ప్రాంతపు కాజీపేట షెడ్ డబ్ల్యూడీఎం-2గా, అంటే దానికంటే పాత రకంగా, మార్చాలని ఉంది, మా నాన్న ఆ రోజుల్లో అక్కడ డీజిల్ అసిస్టెంట్. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క కలర్ ఫొటో చూసి ముదురు ఎరుపు, నడుమ మీగడ రంగు పట్టీ వేశాను. టేపు తీసి చూస్తే లూవర్ల (గాలి ఆడే సన్న గాడుల) దగ్గర ఎరుపు లోపలికి పాకి పట్టీ అంచు రంపపు పళ్లలా తయారైంది. అది చాలదన్నట్టు అక్షరాలన్నీ తెల్లవి, మా ప్రింటర్‌కి తెలుపు వేయడం రాదు. ఇంకో డౌట్, పాత నంబరు చివర "ఆర్" అని ఉంది, అలాగే ఉంచొచ్చా?

ఆల్కోపిచ్చి:
ఉంచకండి. ఆర్ అంటే రీబిల్ట్, పాత డబ్ల్యూడీఎం-2లని పటియాలాలో విప్పి 3100 హార్స్ పవర్‌కి పెంచి బయటికి పంపాక పెట్టిన అక్షరం, 1985లో కాజీపేటలో అది కనిపించే ప్రసక్తే లేదు. నంబర్ల సంగతి కూడా కాస్త తిరకాసే, ముందు 18 వేల సిరీస్, తర్వాత 17 వేలు, ఆ తర్వాత 16 వేలు. అంకె చిన్నదైతే బండి పాతదనుకుని చాలామంది బోల్తా పడతారు.

రంగు కంటే ముందు బండి మొహం చూడండి. మీ 3ఏకి ట్విన్ బీమ్ హెడ్‌లైట్ ఉంటుంది, అది తీసేసి పాత ఒంటి పెద్ద దీపం పెట్టాలి. పైకప్పు మీద ఫ్లాషర్ లైటు ఉంటే అదీ పీకేయండి. బఫర్ల మధ్య సన్నటి ఎయిర్ బ్రేకు హోస్‌లు కాకుండా లావుపాటి వాక్యూమ్ బ్రేకు హోస్ వేలాడాలి. ఇవి వదిలేసి రంగు ఎంత బాగా వేసినా, తెలిసినవాడికి పాత చొక్కా తొడుక్కున్న కొత్త బండిలాగే కనిపిస్తుంది.

గేజ్‌గురువు:
అసలు 1676 మి.మీ. గేజ్ (పట్టాల మధ్య దూరం) 1:87లో 19.3 మి.మీ. కావాలి కదా, మీ పట్టా 16.5. దాని సంగతేంటి?

ఆల్కోపిచ్చి:
గురువుగారూ, అది మొదలుపెడితే ఈ జన్మకి రంగు వేయలేం.

బ్రష్‌బాబాయ్:
పట్టీ విషయంలో చిన్న చిట్కా ఉంది. ముందు లేత రంగు, అంటే మీగడ రంగు వేసి ఒక రోజంతా ఆరనివ్వండి. టేపు అంటించాక అంచు మీద మళ్లీ అదే మీగడ రంగు పల్చగా కొట్టండి, టేపు కింద సందులుంటే అదే రంగు దూరి మూసేస్తుంది. ఎరుపు ఆ తర్వాత, పల్చటి కోట్లలో. లూవర్ల మీద టేపుని టూత్‌పిక్‌తో ఒక్కో గాడిలోకీ నొక్కాలి, నాకు ఒక్క వైపుకే 40 నిమిషాలు పట్టింది, మెడ పట్టేసింది. పాత రంగు వదిలించడానికి బాడీని ఐసోప్రొపైల్‌లో నానబెట్టకండి, కొన్ని ప్రింట్లు పగిలిపోతాయి. సన్న ఎమరీ పేపర్‌తో తడిగా రుద్ది ప్రైమర్ కొడితే చాలు.

అక్షరాలు చేత్తో రాసే ఆలోచన ఉంటే మానుకోండి, అసలు బండి మీద 20 సెం.మీ. ఉన్నది ఇక్కడ 2.3 మి.మీ. వైట్ టోనర్ ప్రింటర్ ఉన్నవాళ్ల దగ్గర వాటర్‌స్లైడ్ డెకాల్ (నీళ్లలో తడిపి జార్చి అంటించే స్టిక్కర్) వేయించుకోండి. తెల్ల డెకాల్ పేపర్ మీద చుట్టూ ఎరుపు ప్రింట్ చేసే పద్ధతి కూడా ఉంది కానీ ఆ ఎరుపు మీ ఎరుపుతో కలవదు, నేను మూడు షీట్లు పారేశాను. డెకాల్‌కి ముందు గ్లాసీ (మెరిసే) వార్నిష్ తప్పనిసరి, మ్యాట్ (మెరుపు లేని) రంగు మీద అంటిస్తే కింద గాలి చిక్కి ఫిల్మ్ వెండిలా మెరుస్తుంది. చివర్లో మ్యాట్ కొట్టేయండి.

పాతపట్టాలు:
చాలా థ్యాంక్స్ అండి. పట్టీ మళ్లీ మొదటినుంచీ. సాయంత్రం నాన్నకి ఈ రిప్లైలు చదివి వినిపిస్తే నంబరు గొడవేదీ పట్టించుకోలేదు, బండి అటూ ఇటూ తిప్పి చూసి "పైన పొగ గొట్టం చుట్టూ మసి ఏదిరా, ఇది ఆల్కోనేనా?" అన్నారు (ఆల్కో అంటే ఈ ఇంజన్ల డిజైన్ ఇచ్చిన అమెరికా కంపెనీ). నల్ల పౌడర్ వార్నిష్‌కి ముందు రుద్దాలా, తర్వాతా?

బ్రష్‌బాబాయ్:
మ్యాట్ అయ్యాక. మెత్తటి బ్రష్‌తో, గొట్టం దగ్గర చిక్కగా, వెనక్కి పోయేకొద్దీ పల్చగా.