రెండేళ్ల వీడియో కోర్సా, బీకామా? తమ్ముడి చదువు గురించి

దేవరకొండ అక్క:
తమ్ముడు ఇంటర్ పూర్తి చేశాడు. కమ్యూనిటీ కళాశాలలో కెమెరా, ధ్వని, ఎడిటింగ్ నేర్పే రెండేళ్ల కోర్సులో చేరతానంటున్నాడు. నాన్న బీకాం చేయమంటున్నారు. కెమెరా పట్టడానికి కాలేజీ ఎందుకు, ఏ స్టూడియోలో చేరినా వస్తుందని ఆయన మాట. మీరేమంటారు?

మిర్యాలగూడ స్టూడియో:
నాన్నగారి మాటే నాదీ. పెళ్లిళ్ల సీజన్లో సీనియర్ వెంట లైటు పట్టుకుని తిరిగితే పని దానంతటదే వస్తుంది. పైగా చేతికి నాలుగు డబ్బులు. కోర్సుకు ఎదురు కట్టాలి.

మర్రిగూడ:
నేను అలా లైటు పట్టి నేర్చుకున్నవాడినే, అందుకే కాదంటున్నాను. నా మొదటి పెళ్లి వీడియోలో ఫంక్షన్ హాలు ట్యూబులైట్ల కింద తెర నిండా నల్లటి చారలు పాకాయి. కెమెరా చెడిపోయిందనుకున్నాను. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకు 50 చుట్లు. చోకుతో వెలిగే ట్యూబులైటు ఒక్కో చుట్టుకు రెండుసార్లు, అంటే సెకనుకు 100 సార్లు మినుకుమంటుంది. కెమెరా షట్టర్ (ఒక్కో బొమ్మకు వెలుతురు తీసుకునే సమయం) సెకనులో 1/60వ వంతు ఉంటే చారలు పడతాయి, 1/50కి మారిస్తే పోతాయి. ఈ ఒక్క ముక్క తెలియడానికి నాకు రెండు సీజన్లు పట్టింది. నేర్పినాయనకూ తెలియదు.

ఆ నష్టం డబ్బుతో పోయింది. రెండోది అలా తీరలేదు: మా దగ్గర ఫ్లోరైడు నీళ్లతో నడుము వంగిపోయిన పెద్దాయన ఒకరుండేవారు. కృష్ణా నీళ్లు రాకముందు ఏ బావి నీళ్లు తాగారో, ఏ ఇంట్లో ఎవరి కాళ్లు వంకరపోయాయో పేరుపేరునా నలభై నిమిషాలు చెప్పారు. కెమెరాకున్న మైకుతోనే తీశాను. ఇంటికొచ్చి వింటే ఫ్యాను హోరు, పక్కింటి మోటారు. చొక్కాకు తగిలించే చిన్న మైకు పెట్టి, ఫ్యాను ఆపి, హెడ్‌ఫోన్లతో వింటూ తీయాల్సింది. మళ్లీ వెళ్లేలోపే ఆయన పోయారు. బొమ్మలో పెదవులు మాత్రం కదులుతున్నాయి.

పెళ్లి వీడియోల్లో ఎలాగూ పాట వేసేస్తాం, ధ్వని ఎవరు నేర్పుతారు? తమ్ముణ్ని చేర్పించండి అక్కా.

పాలమూరు వాసి:
ధ్వని సంగతి సరే. రెండేళ్ల డిప్లొమాతో రేపు గ్రూప్-2 రాయలేడు, దానికి డిగ్రీ ఉండాలి. తండ్రి భయం అదే అయి ఉంటుంది.

మర్రిగూడ:
ఆ భయం న్యాయమైనదే. యూజీసీ వృత్తివిద్యా పద్ధతిలో ఏడాదికి డిప్లొమా, రెండేళ్లకు అడ్వాన్స్‌డ్ డిప్లొమా, మూడేళ్లకు బి.వొక్ డిగ్రీ. ఈ కోర్సు ఆ పద్ధతిలోనిదేనా, మూడో ఏడు ఎక్కడ చదవాలి అని ముందే అడిగి కాగితం మీద రాయించుకోండి. స్టూడియో గది తెరిపించి ఎన్ని మైకులున్నాయో, ఒక్కో కెమెరాకు ఎందరో లెక్కపెట్టండి. తలుపు తీయకపోతే బీకామే నయం.

దేవరకొండ అక్క:
సోమవారం నాన్నతో కలిసి వెళ్తున్నాం. కాగితం సంగతి ఆయనే అడుగుతానన్నారు.

మిర్యాలగూడ స్టూడియో:
మర్రిగూడ అన్నా, ఆ పెద్దాయన ఫైలు ఉంచారా? ఇప్పుడు హోరు తగ్గించే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. అంతా రాకపోవచ్చు. పేర్లయినా వినిపిస్తాయేమో, పంపండి.