ఫైర్ పనుల షాపుకు ఏమేం లైసెన్సులు కావాలి? (ఒంగోలు)

కొత్తపట్నం రోడ్డు అనే పేరుతో ఒకరు అడిగింది:

ఒంగోలులో ఫైర్ సిలిండర్ల అమ్మకం, రీఫిల్లింగ్ షాపు. దాంతోబాటు హైడ్రెంట్ లైన్ల (మంటలార్పే నీళ్ల పైపుల) పని కూడా మొదలుపెట్టాం. ఇద్దరు వెల్డర్లు, ఒక ఫిట్టర్ ఉన్నారు. జీఎస్‌టీ, ఉద్యం (చిన్న పరిశ్రమల రిజిస్ట్రేషన్) ఉన్నాయి. టంగుటూరు వైపు ఒక పొగాకు గోడౌనుకు కొటేషన్ ఇస్తే "మీ ఫైర్ లైసెన్స్ కాపీ, ఫారం బి పంపండి" అన్నారు. ఏ లైసెన్స్, ఏ ఫారమో అర్థం కావట్లా. సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) సిలిండర్లు షాపులోనే నింపొచ్చా? పంపు ప్యానెల్‌కు కరెంటు మనమే ఇవ్వొచ్చా? గవర్నమెంటు టెండర్లకు ఇంకేం కావాలి? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండన్నా.

వెట్ రైజర్:

ముందు ఆ ఫారం బి సంగతి. అది మన రాష్ట్రానిది కాదు. మహారాష్ట్ర 2006 చట్టం కింద అక్కడి లైసెన్స్‌డ్ ఏజెన్సీ ఏటా జనవరిలో, జులైలో ఇచ్చే సర్టిఫికెట్ అది. హెడ్డాఫీసు బొంబాయిలో ఉన్న కంపెనీలు అదే చెక్‌లిస్టు దేశమంతా పంపుతుంటాయి. దాన్ని నింపి సంతకం పెట్టారో, లేని లైసెన్సు ఉన్నట్టు రాసిచ్చినవాళ్లవుతారు. "ఈ ఫారం ఆంధ్రప్రదేశ్‌లోని భవనానికి వర్తించదు, దీని బదులు మెయింటెనెన్స్ రిపోర్టు ఇస్తాం" అని మెయిల్ పెట్టండి, సరిపోతుంది.

రెండోది, ఎన్‌ఓసీని (అగ్నిమాపక శాఖ ఇచ్చే నిరభ్యంతర పత్రాన్ని) కాంట్రాక్టరు లైసెన్స్ అనుకునేవాళ్లు చాలామంది. ఎన్‌ఓసీ భవనానిది, మీది కాదు. ఏ భవనాలకు కావాలో 1999 ఏపీ ఫైర్ సర్వీస్ చట్టం 13వ సెక్షన్ చూడండి: వ్యాపార భవనాలైతే 15 మీటర్ల పైన, నివాసాలైతే 18 మీటర్లు, ఆ పైన, స్కూళ్లు, సినిమా హాళ్లు, ఫంక్షన్ హాళ్ల వంటి జనం చేరే చోట్లయితే 500 చదరపు మీటర్లు మించిన స్థలం లేదా 6 మీటర్లు, ఆ పైన ఎత్తు. దరఖాస్తు పెట్టాల్సింది ఓనరు. కట్టకముందు ప్రొవిజనల్ ఎన్‌ఓసీ, కట్టాక ఆక్యుపెన్సీ ఎన్‌ఓసీ. ఆ ఫైల్లోకి మీ నుంచి వెళ్లేవి: పని పూర్తయినట్టు లెటర్, వేసింది వేసినట్టు చూపే డ్రాయింగు, పంపు టెస్ట్ సర్టిఫికెట్, వాల్వులకూ హోసులకూ ఐఎస్‌ఐ కాగితాలు, లైను ప్రెషర్ టెస్ట్ రిపోర్టు.

మన రాష్ట్ర అగ్నిమాపక శాఖ వైపు, మీలాంటి ఏజెన్సీలకు ప్రస్తుతం ఏ షరతులు అమల్లో ఉన్నాయో జిల్లా అగ్నిమాపక అధికారి ఆఫీసులో లెటర్ పెట్టి, రాతలో తీసుకోండి. "నేను ఇప్పిస్తా" అనే మధ్యవర్తి మాట మీద డబ్బు కట్టొద్దు.

నైట్రోజన్ బుడ్డి:

సీఓటూ దగ్గరే అందరూ పప్పులో కాలేస్తారు. ఏబీసీ పౌడర్ (మంటలార్పే పొడి) సిలిండరు, సీఓటూ సిలిండరు చూడటానికి రెండూ ఎర్రవే, చట్టం ముందు మాత్రం వేరు. సీఓటూది అతుకు లేని హై ప్రెషర్ సిలిండరు, 2016 గ్యాస్ సిలిండర్స్ రూల్స్ కిందికి వస్తుంది. నింపాలంటే పెసో (పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ) లైసెన్స్, హైడ్రో టెస్టుకు (నీటి ఒత్తిడితో చేసే పరీక్షకు) పెసో ఆమోదించిన స్టేషనే కావాలి. అయిదేళ్లకోసారి టెస్టు, ఆ తేదీ మెడ దగ్గర పంచ్ కొట్టి ఉండాలి. లైసెన్స్ ఉన్న ప్లాంటుకు పంపి నింపించుకుని, వాళ్ల బిల్లు, టెస్ట్ సర్టిఫికెట్ ఫైల్లో పెట్టుకోవడమే మీకు మేలు.

షాపు వెనకాల పెద్ద బండ నుంచి చిన్న సిలిండర్లోకి ఎక్కిస్తే ఏమవుద్దంటే, ఫిల్లింగ్ రేషియో 0.667. అంటే 4.5 కేజీల గ్యాసుకు సుమారు 6.75 లీటర్ల నీటి కెపాసిటీ కావాలి. తూకం లేకుండా అరకేజీ ఎక్కువ పడితే చలికాలంలో తెలియదు. 31 డిగ్రీలు దాటాక సీఓటూ ద్రవంగా ఉండదు, ప్రెషర్ వేగంగా పెరుగుద్ది. మన రోహిణి కార్తె ఎండకు రేకుల షెడ్డులో సేఫ్టీ డిస్క్ పగిలి గ్యాసంతా పోతుంది. అదీ అదృష్టం బాగుంటే. సర్వీసులో తూకం వేసినప్పుడు గ్యాసు 10 శాతం మించి తగ్గితే రీఫిల్.

ఏబీసీ మాత్రం షాపులో చేసుకోవచ్చు. పొడి నైట్రోజన్‌తో 15 బార్. టైర్ల షాపు కంప్రెసర్ గాలి ఎక్కిస్తే అందులో తేమ ఉంటుంది, సముద్రం పక్క ఊళ్లలో మరీనూ. కొన్ని నెలలకే పౌడరు గడ్డ కడుతుంది, గేజి ముల్లు మాత్రం పచ్చ మీదే ఉంటుంది. నొక్కితే గాలి తప్ప ఏమీ రాదు. వీటికి మూడేళ్లకోసారి ప్రెషర్ టెస్టు, ఐఎస్ 2190 (ఈ సిలిండర్ల నిర్వహణకు భారతీయ ప్రమాణం) ప్రకారం రిజిస్టరు.

స్టార్టర్ ప్యానెల్:

కరెంటు పని మీ వెల్డర్లతో చేయించొద్దు. రాష్ట్రం ఇచ్చిన ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్ లైసెన్స్ ఉన్నవాళ్లే చేయాలి, పర్మిట్ ఉన్న సూపర్‌వైజరు చూడాలి. లైసెన్స్ ఉన్న మనిషితో సబ్ కాంట్రాక్టు రాసుకోండి, కంప్లీషన్ రిపోర్టులో సంతకం ఆయనది. కరెంటు కంపెనీ ప్రకాశం అయితే సీపీడీసీఎల్, నెల్లూరు పని ఒప్పుకుంటే ఎస్పీడీసీఎల్, ఆఫీసులు వేరు.

ఫైర్ పంపు ఫీడరును మెయిన్ స్విచ్‌కు ముందే విడిగా తీయాలి. నిప్పంటుకుంటే మొదట చేసేది మెయిన్ కట్ చేయడమే. పంపు దాని తర్వాత ఉంటే పంపూ ఆగిపోద్ది. ఇన్‌స్పెక్షన్‌లో పట్టుబడే తప్పుల్లో ఇదొకటి.

బిల్ కలెక్టర్:

టెండర్ల సంగతి. వర్క్ టెండర్లకు జీఓ 94 (2003) కింద కాంట్రాక్టరు రిజిస్ట్రేషన్, స్పెషల్ క్లాసు నుంచి కింది క్లాసుల దాకా. టెండరు విలువను బట్టి క్లాసు. ఈ-ప్రొక్యూర్‌మెంట్‌కు క్లాస్ 3 డిజిటల్ సంతకం. ఉత్త సిలిండర్ల సప్లై అయితే జెమ్‌లో (ప్రభుత్వ కొనుగోళ్ల ఆన్‌లైన్ పోర్టల్) పెట్టుకోండి, అదే సులువు.

జీఎస్‌టీలో అమ్మకం మాత్రమే రాసి ఉంటే హైడ్రెంట్ పనికి 9954, ఏఎంసీకి (వార్షిక నిర్వహణ ఒప్పందానికి) 9987 అనే సర్వీసు కోడ్‌లు కూడా చేర్పించండి. పాన్‌లో ఒక పేరు, జీఎస్‌టీలో ఒక పేరు, ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్‌లో మరో పేరు ఉంటే టెక్నికల్ బిడ్‌లోనే పోతుంది. మనుషులు 10 మంది అయితే ఈఎస్‌ఐ, 20 అయితే పీఎఫ్.

కొత్తపట్నం రోడ్డు:

చాలా థాంక్సన్నా. సీఓటూ బయటికే పంపిస్తాం. గోడౌనులో బోరు నీళ్లు ఉప్పు. ఫైర్ నీళ్ల సంపులో అవే పోస్తామంటున్నారు, పోయొచ్చా?

వెట్ రైజర్:

వద్దు. సి క్లాసు (మందం ఎక్కువ) ఎంఎస్ ఇనుప పైపును కూడా ఉప్పు లోపలి నుంచి తినేసుద్ది, ముందుగా పోయేది వాల్వు సీట్లు, ఎన్‌ఆర్‌వీ (నీళ్లు వెనక్కి రాకుండా ఆపే వాల్వు). ఎన్‌ఆర్‌వీ కారితే జాకీ పంపు (లైన్లో ప్రెషర్ నిలిపే చిన్న పంపు) ఊరికే ఆన్ ఆఫ్ అవుతూ చివరికి మోటారు కాలుద్ది. ట్యాంకరు మంచినీళ్లతో ఒకసారి సంపు నింపించండి. ఫైర్ నీళ్లు రోజూ వాడేవి కాదుగా, ఖర్చు ఒక్కసారే. కొటేషన్లోనే "ఉప్పునీళ్లు నింపితే వారంటీ లేదు" అని ఒక లైను రాయండి.

లైను టెస్టు పనిచేసే ప్రెషర్‌కు ఒకటిన్నర రెట్లు పెట్టి రెండు గంటలు ఉంచండి. పెయింటు కొట్టకముందే చేయండి, పెయింటు కింద సన్న కారుడు కనపడదు. చివరగా పైన ఉన్న హైడ్రెంట్ తెరిచి నీళ్లు వదులుతూ గేజి చూడండి. 3.5 కేజీల ప్రెషర్ రాకపోతే బిల్లు పెట్టొద్దు.